శ్రీకాకుళం జిల్లా పుట్టినరోజు ఆగస్టు 15నే చెయ్యాలా? వేరే రోజు చూసుకుందామా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మా గుంటడికి బళ్లో "ఆగస్టు 15 ప్రత్యేకతలు" రాసుకురమ్మన్నారు. 1947 స్వాతంత్ర్యం, 1872లో అరవిందుల జననం రాశాడు. మూడోది నేను చెప్పాను: 1950లో ఇదే రోజున విశాఖపట్నం జిల్లాని విడగొట్టి శ్రీకాకుళం జిల్లా చేశారని. టీచరు గారు ఆ ఒక్క లైను కొట్టేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆవిడనని లాభం లేదు. 2025లో 75 ఏళ్లు నిండాయి, మా వీధిలో అడిగితే ఒక్కడికీ తెలీదు. సంక్రాంతి నాడు పుట్టిన పిల్లాడికి పండక్కీ పుట్టినరోజుకీ కలిపి ఒకటే జత కుట్టిస్తారు చూడండి, మన జిల్లాదీ అదే గతి. ఆగస్టు 29కి మార్చుకుందామని నా మాట. ఆ రోజు గిడుగు వారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగం దగ్గరే, మన జిల్లాలోనే. ఏటంటారు?

గంటస్తంభం (విజయనగరం):
పుట్టినరోజు మార్చుకోడమేటండీ బాబూ, బళ్లో వేసేటప్పుడు వయసు మార్చినట్టు! మాది 1979 జూన్ 1. బళ్లకి సెలవులు, నడినెత్తిన ఎండ. ఆ రోజుని ఎవరూ పట్టించుకోరు, బెంగపెట్టుకున్న వాడూ లేడు. మాకు పైడితల్లి సిరిమాను ఉంది. దసరా వెళ్లిన మంగళవారం. ఏ తారీఖంటే ఏటేటా మారిపోద్ది. అయినా చెన్నైలో పనిలో ఉన్నవాడు కూడా రైలెక్కేస్తాడు.

నాగావళి గట్టు:
అది అమ్మవారి పండగండీ, జిల్లా పండగ కాదు. ఆ లెక్కన మాకు అరసవల్లి రథసప్తమి లేదా? అదీ తిథే, మాఘ శుద్ధ సప్తమి, చంద్రుడి లెక్క కాబట్టి జనవరికీ ఫిబ్రవరికీ మధ్య ఊగుతుంటుంది. అదే గుళ్లో స్వామి పాదాల మీద కిరణాలు పడేది మాత్రం మార్చి 9, 10, అక్టోబరు 1, 2 ప్రాంతాల్లోనే. అది సూర్యుడి లెక్క, మన గోడ కేలండరూ సూర్యుడి లెక్కే.

టెక్కలి మాస్టారు:
నేను ఆగస్టు 29కి ఒప్పుకోను. గిడుగు వారు మనవాళ్లే, కాదనను. కానీ భాషా దినోత్సవం తెలుగువాళ్లందరిదీ. పైగా అదే రోజు ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. మా బళ్లో పొద్దున్న పద్యాలు, మధ్యాహ్నం పరుగు పందేలు. అక్కడ జిల్లాని ఎక్కడ కూర్చోబెడతారు? ఒక ఇరుకులోంచి తీసి ఇంకో ఇరుకులో పెట్టడమే.
ఇంకో సంగతి. గిడుగు వారు ఎన్నో ఏళ్లు ఉన్నది పర్లాకిమిడిలో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటుపోతే, ఆ వయసులో ఆ ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. సరిహద్దుకి అవతల ఆ ఏప్రిల్ 1నే ఉత్కళ దినోత్సవమని మేళతాళాలతో చేసుకుంటారు. గీత గీసిన రోజు ఒకరికి పండగ, ఇంకొకరికి సామాన్లు సర్దుకునే రోజు. ఆయన జయంతి నాడే మన గీత పుట్టినరోజు పెట్టడం నాకు ఎబ్బెట్టుగా ఉంది.

ఉద్దానం కొబ్బరి:
మాస్టారూ, మీ తారీఖులు మీవి. మా వైపు ఎవర్నడిగినా అక్టోబరు 11 అంటారు. 2018లో తిత్లీ. చెట్లు పడిపోయిన తరవాత పుట్టిన పిల్లలకి "తుఫాను ముందా, తరవాతా" అనే వయసు చెప్తాం.

పార్వతీపురం తాత:
బాబూ, నాను పుట్టింది 1947లో, విశాఖపట్నం జిల్లా, మద్రాసు రాష్ట్రం. మూడేళ్లకి శ్రీకాకుళం జిల్లావోణ్ణి అయిపోనాను. 53లో ఆంధ్ర, 56లో ఆంధ్రప్రదేశ్. 79లో విజయనగరం జిల్లా అన్నారు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం అన్నారు. నాను కదల్లేదు, ఇల్లు కదల్లేదు, నాలుగు జిల్లాలు తిరిగీసినాను. ఏ జిల్లా పుట్టినరోజుకి నన్ను పిలుస్తారో మీరే తేల్చండి. పిలిస్తే అన్నిటికీ వస్తాను, భోజనాలుంటే.

రాజాం జంక్షన్:
తాతగారూ, మాదీ అదే కథ. 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్లాం. నా ఆధార్‌లో ఇంకా శ్రీకాకుళమే. ఆగస్టు 15కి చప్పట్లు కొట్టాలా, జూన్ 1కా?

గంటస్తంభం:
జూన్ 1కే రండి. ఎలాగూ ఎవరూ ఉండరు, చోటు బోలెడు.

నాగావళి గట్టు:
మాస్టారి మాట ఆలోచిస్తే ఆగస్టు 29 మీద నాకూ పట్టు సడలింది. తాతగారి లెక్క చూశాక అసలు 1950ని జిల్లా "పుట్టుక" అనొచ్చా అనీ అనుమానమొచ్చింది. ఊళ్లో జామియా మసీదే 1641 నాటిది. 1950లో పుట్టింది కలెక్టరాఫీసు, ఊరు కాదు. అయినా ఆ కలెక్టరాఫీసు మన గడపలోకి రాకపోతే ఇచ్ఛాపురం రైతు ప్రతి కాగితానికీ విశాఖ దాకా పోవలసిందే కదా, అది చిన్న విషయమా? అందుకని రోజు మార్చొద్దు, పూట మారుద్దాం. పొద్దున్న జెండా, సాయంత్రం జిల్లా. నాగావళి గట్టు మీద నలుగురం కూర్చుని, తాతగారి చేత నాలుగు జిల్లాల కబుర్లు చెప్పించుకుందాం.

టెక్కలి మాస్టారు:
ఆగస్టు సాయంత్రం, ఏటి గట్టు. వానొస్తే?

పార్వతీపురం తాత:
భోజనాల మాట ఎవరూ ఎత్తలేదు.