బయోకెమిస్ట్రీ, బయోఫిజిక్స్ పీహెచ్‌డీ: ఆచార్యుల పరిశోధనాసక్తులను ఎలా చదవాలి?

ప్రశ్న: పెసరమొలక, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. నేను బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చివరి సెమిస్టరులో ఉన్నాను. వచ్చే ఏడాది అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. బోస్టన్ పక్కనే వాల్తామ్‌లో ఉన్న బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీని, బయోఫిజిక్సును కలిపి ఒకే పీహెచ్‌డీగా నడుపుతారని తెలిసి, అక్కడి ఆచార్యుల పరిశోధనాసక్తులను రెండు వారాలుగా చదువుతున్నాను. నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసుకొని ఆచార్యుల పేరు, వారు పనిచేసిన ప్రోటీను, వాడిన పరికరం అని రాసుకుంటూ వచ్చాను. డొరోథీ కెర్న్ పేరుకు ఎదురుగా కైనేజులు (ఇతర అణువులకు ఫాస్ఫేటును తగిలించే ఎంజైములు), ఎన్.ఎం.ఆర్. (అయస్కాంత క్షేత్రం సాయంతో అణువుల నిర్మాణాన్ని, కదలికలను తెలుసుకునే పద్ధతి) అని రాశాను. జెఫ్ గెల్లెస్ పేరుకు ఎదురుగా ఒక్కొక్క అణువునూ విడిగా చూసే ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపీ అని, క్రిస్ మిల్లర్ పేరుకు ఎదురుగా క్లోరైడ్, ఫ్లోరైడ్ అయాన్లను కణం పొర దాటించే ప్రోటీన్లు అని రాశాను. ఇంత రాసుకున్నాక కూడా వీరిలో ఎవరి పని నాకు నచ్చిందో, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతున్నాను. నా కంటికి అందరూ నిర్మాణం, చలనం, పనితీరు అనే మూడు మాటలనే అటూ ఇటూ మార్చి చెబుతున్నట్టు కనిపిస్తోంది.

నాకు ఇంకొక భయం కూడా ఉంది. ఇంటర్‌లో నేను బైపీసీ చదివాను. డిగ్రీలో గణితం లేదు. మొలకెత్తిన పెసల నుంచి యాసిడ్ ఫాస్ఫటేజ్ ఎంజైమును వేరుచేసి, అది విడగొట్టిన ఫాస్ఫేటును ఫిస్కే, సుబ్బారావు పద్ధతిలో కొలవడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఇంతకు మించి పరికరాలేవీ ముట్టుకోలేదు. ఇలాంటి నేపథ్యంతో బయోఫిజిక్స్ వైపు ఉన్న ఆచార్యుల పేర్లు దరఖాస్తుతో పంపే నా వ్యాసంలో రాయవచ్చా? అసలు ఈ ఆసక్తులను ఏ దృష్టితో చదవాలి? అనుభవమున్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: బైపీసీ నుంచి బయోఫిజిక్స్‌కు

నేనూ బైపీసీ విద్యార్థినే. ఇప్పుడు పొర ప్రోటీన్ల మీద పోస్ట్ డాక్టొరల్ పరిశోధన చేస్తున్నాను. మీ నోటుపుస్తకంలో ఒక గడి తక్కువైందని నా అభిప్రాయం. ప్రోటీను, పరికరం రాసుకున్నారు గాని, ఆ ఆచార్యులను వేధించిన ప్రశ్న ఏమిటో రాసుకోలేదు. ఆసక్తుల పేజీలో ఉండే నాలుగైదు వాక్యాల్లో ఆ ప్రశ్న తరచుగా కనబడదు. వారి పరిశోధన పత్రాల్లో ఒకటో రెండో తీసి, అంతకు ముందు అందరూ ఏమి నమ్మేవారు, ఈ పత్రం వచ్చాక ఏమి మారింది అని వెతికితే దొరుకుతుంది.

మీరు రాసిన పేర్లతోనే చెబుతాను. కెర్న్ గారికి ఎదురుగా మీరు రాసుకున్న "కైనేజులు, ఎన్.ఎం.ఆర్." అన్న మాటల వెనుక నిజానికి ఇలాంటి చిక్కుముడి ఉంది. ఒక రకం రక్త క్యాన్సరుకు వాడే ఇమాటినిబ్ అనే మందు ఏబీఎల్ అనే కైనేజును గట్టిగా పట్టుకుంటుంది. దానికి దగ్గరి చుట్టమైన ఎస్‌ఆర్‌సీ కైనేజును మాత్రం సుమారు 3000 రెట్లు బలహీనంగా పట్టుకుంటుంది. స్ఫటిక నిర్మాణాలు చూస్తే మందు కూర్చునే చోటు రెండింటిలోనూ దాదాపు ఒకే తీరులో ఉంటుంది. చోటు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? మందు వచ్చి కూర్చున్న తరువాత ఏబీఎల్ నెమ్మదిగా తన ఆకారం మార్చుకొని మందును లోపల బిగించుకుంటుందని, ఎస్‌ఆర్‌సీలో ఆ మార్పు అంతగా అనుకూలించదని ఆ బృందం చూపించింది. ఆ తరువాత 2015లో, అదే విశ్వవిద్యాలయంలో ప్రోటీన్ల పరిణామాన్ని పరిశోధించే డగ్లస్ థియోబాల్డ్ గారితో కలిసి, ఈ రెండు కైనేజులకూ ఉమ్మడి పూర్వీకులైన ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరుసలను లెక్కగట్టి, వాటిని ప్రయోగశాలలో తయారుచేసి, ఈ లక్షణం పరిణామంలో ఎలా వచ్చిందో వెతికారు. స్థిరమైన బొమ్మ ఒక్కటే చూస్తే ప్రోటీను చేసే పని అర్థం కాదన్నది వారి వాదన. ఆ వాదనను పరీక్షించడానికి ఎన్.ఎం.ఆర్. పనికివచ్చింది కాబట్టి వాడారు.

మిల్లర్ గారి సంగతి నాకు మరీ ఇష్టం. సీఎల్‌సీ అనే కుటుంబంలోని ప్రోటీన్లన్నీ క్లోరైడు అయాన్లకు ఒట్టి దారులేనని చాలాకాలం అనుకున్నారు. ఇ. కోలై బాక్టీరియాలోని సీఎల్‌సీ నిర్మాణం 2002లో రాడరిక్ మెకినాన్ ప్రయోగశాల నుంచి వచ్చింది. మెకినాన్ గారు బ్రాండైస్‌లోనే డిగ్రీ చదివి, తరువాత మిల్లర్ గారి దగ్గరే పోస్ట్ డాక్టొరల్ శిక్షణ పొందినవారు. నిర్మాణం చేతికి వచ్చాక కూడా అది దారి కాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. 2004లో అకార్డీ, మిల్లర్ దానిని కృత్రిమ పొరలో ఉంచి, రెండు వైపులా క్లోరైడు గాఢతను సమానంగా పెట్టి, పీహెచ్ మాత్రం తేడాగా ఉంచి వోల్టేజీ కొలిచారు. అది ఒట్టి క్లోరైడు దారే అయితే విద్యుత్ ప్రవాహం ఆగిపోయే వోల్టేజీ సున్నా దగ్గరే ఉండాలి. అది సున్నా నుంచి జరిగింది. అంటే క్లోరైడుతో పాటు ప్రోటాను కూడా కదులుతోంది. రెండు క్లోరైడు అయాన్లను ఒక వైపుకు పంపి, బదులుగా ఒక ప్రోటానును ఎదురు వైపుకు పంపే వినిమయ యంత్రం అదని తేలింది.

ఈ వాదన పట్టుకోవడానికి కావలసిన గణితం, పొరకు రెండు వైపులా ఉన్న గాఢతల తేడా నుంచి వోల్టేజీని లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణం, అందులోని లాగరిథం. పీహెచ్ లెక్క కట్టే బైపీసీ విద్యార్థికి అది కొత్త కాదు. ఆ పత్రాన్ని నేను మొదటిసారి చదివినప్పుడు కాగితం మీద నెర్న్‌స్ట్ సమీకరణం రాసుకొని, అంకెలు వేసి, ఒట్టి దారి అయితే ఎంత రావాలి, వినిమయం అయితే ఎంత రావాలి అని స్వయంగా లెక్కగట్టాను. బయోఫిజిక్స్ నా చదువు కాదన్న బెరుకు ఆ సాయంత్రంతో పోయింది. మీరూ అలా ఒక పత్రాన్ని పూర్తిగా విప్పి చూడండి.

జవాబు 2: మూడో సంవత్సరం పీహెచ్‌డీ

నేను అమెరికాలో వేరొక విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. పై జవాబులో చెప్పిన ప్రశ్న సంగతి నిజమే. అయితే ఆ ప్రశ్నతో ఐదారేళ్లు కాపురం చేయవలసింది ప్రయోగశాలలో కాబట్టి, అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని ఏమిటో కూడా తెలుసుకోండి. నాకు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అంటే అందమైన నిర్మాణాల బొమ్మలే గుర్తుకు వచ్చేవి. చేరాక చూస్తే, మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న రాగి జల్లెడ బిళ్లను సన్నని పటకారుతో పట్టుకొని, దాని మీద మూడు మైక్రోలీటర్ల ప్రోటీను ద్రావణం వేసి, అద్దుడు కాగితంతో అద్ది, ద్రవ నత్రజనితో చల్లబరచిన ద్రవ ఈథేన్‌లో ముంచడమే నెలల తరబడి నా పని. కాగితం ఒక సెకను ఎక్కువసేపు అంటుకుంటే ప్రోటీనుకు నీరే మిగలదు. తక్కువసేపు అంటుకుంటే మంచు మందమై ఏమీ కనబడదు. అది కుదిరాక మిగిలినదంతా కంప్యూటరు ముందు కూర్చొని లక్షలాది కణాల బొమ్మలను వర్గీకరించడం. నాకు ఆ పని నచ్చింది. నా తోటి విద్యార్థినికి నచ్చలేదు. ఆమె ఎన్.ఎం.ఆర్. వైపు వెళ్లింది. అక్కడ నైట్రోజన్ 15 ఉన్న అమ్మోనియం క్లోరైడును మాత్రమే నత్రజని ఆహారంగా ఇచ్చి బాక్టీరియాను పెంచుతారు. ఆమెకు ఆ ఓపిక సహజంగా అబ్బింది.

ఇక నా విషయంలో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. నేను ఒక ఆచార్యుల ఆసక్తులను చదివి, ప్రోటీన్లు ముడుచుకునే తీరు మీదే పనిచేస్తానని వ్యాసంలో ఒక పేజీ రాశాను. వచ్చాక తెలిసింది ఏమిటంటే, ఆ వాక్యాలు రాసి చాలా ఏళ్లయింది, ఆ బృందం ఆ పనిని వదిలేసి వేరే దిశకు మళ్లింది. వారిని తప్పుపట్టడం లేదు, పరిశోధన మారకుండా ఉండదు. కానీ నేను వారి గత మూడేళ్ల పత్రాల జాబితా చూసి ఉంటే పది నిమిషాల్లో తెలిసిపోయేది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిధులు ఇచ్చిన ప్రాజెక్టుల వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి, అవీ చూడండి. ఆచార్యులు ఉద్యోగ విరమణకు దగ్గరలో ఉన్నారా, కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా అన్నది మర్యాదగా ఒక ఈమెయిల్ రాసి అడగడంలో తప్పేమీ లేదు. ఇలాంటి ప్రోగ్రాముల్లో సాధారణంగా మొదటి ఏడాది రెండు మూడు ప్రయోగశాలల్లో కొన్ని వారాల చొప్పున తిరిగి పనిచేశాకే ఒకదాన్ని ఎంచుకుంటారు. కాబట్టి వ్యాసంలో రాసిన పేరుకు మీరు జీవితాంతం కట్టుబడవలసిన పని లేదు.

జవాబు 3: విశ్రాంత అధ్యాపకుడు, కాకినాడ

అమ్మా, నీ ప్రశ్న చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మొదటి జవాబు రాసిన బాబు మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అయితే పరికరాన్ని అతడు కాస్త చిన్నచూపు చూశాడని నాకు అనిపించింది. మన రంగంలో కొలిచే విద్యే కొత్త ప్రశ్నలను పుట్టించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. నువ్వు రాసిన గెల్లెస్ గారినే తీసుకో. 1988లో ఆయన, ష్నాప్, షీట్జ్ కలిసి కణంలో సరుకులు మోసే కైనెసిన్ అనే ప్రోటీను మోసుకుపోయే చిన్న పూస కదలికను నానోమీటర్ల ఖచ్చితత్వంతో అనుసరించే పద్ధతిని ప్రకటించారు. అలాంటి కొలత సాధ్యమైన తరువాతే ఈ ప్రోటీను ఎన్ని నానోమీటర్ల అడుగులు వేస్తుందన్న ప్రశ్న అడగడానికి వీలైంది. 1993లో మరొక బృందం ఆ అడుగు 8 నానోమీటర్లని కొలిచింది. 2011లో గెల్లెస్ గారు, మెలిసా మూర్ గారు, వారి సహచరులు స్ప్లైసియోజోమ్ (ఆర్.ఎన్.ఏ.లో అక్కరలేని ముక్కలను కత్తిరించి మిగతావాటిని అతికించే కణ యంత్రం) భాగాలకు వేర్వేరు రంగులు అంటించి, అవి ఒక్కొక్క ఆర్.ఎన్.ఏ. మీదకు ఏ వరుసలో వచ్చి చేరుతున్నాయో చూశారు. అవి ఒక క్రమంలో వస్తాయని, వచ్చినవి తిరిగి వెళ్లిపోవడమూ జరుగుతుందని తెలిసింది. కోట్ల అణువులను ఒకేసారి కలిపి కొలిచే పరీక్షనాళికలో ఈ రాకపోకలు సగటులో కలిసిపోయి కనబడవు.

నీ ప్రాజెక్టు సంగతికి వస్తాను. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. ఆ సుబ్బారావు గారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, మాలిబ్డేటుతో కలిసిన ఫాస్ఫేటును క్షయకరణం చేసి, వచ్చే నీలిరంగును బట్టి ఫాస్ఫరసును కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ కొలత చేతిలో ఉండడం వల్లనే కండరాల్లో అంతవరకు ఎవరూ గుర్తించని ఫాస్ఫోక్రియాటిన్ 1927లోనూ, ఏటీపీ 1929లోనూ వారికి దొరికాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా స్వతంత్రంగా కనుగొన్నారు. పరికరం ప్రశ్నను పుట్టిస్తుందని నేనన్న మాటకు నాకు తెలిసిన సాక్ష్యాల్లో ఇది మొదటిది, నువ్వు ఇప్పటికే ఆ పరికరాన్ని వాడుతున్నావు.

ఒక చిన్న పని చేసి చూడు. ఆ పద్ధతి ఫాస్ఫేటునే కొలుస్తుంది కాబట్టి, నువ్వు ఎంజైముకు అది విడగొట్టే పదార్థంగా ఏ సబ్‌స్ట్రేటు ఇచ్చినా పనికివస్తుంది. పారానైట్రోఫినైల్ ఫాస్ఫేటు, ఫినైల్ ఫాస్ఫేటు, గ్లిసరోఫాస్ఫేటు మూడింటితోనూ గరిష్ఠ వేగం కొలువు. మూడూ వేర్వేరుగా వస్తే మొదట బంధం తెగే మెట్టు దగ్గర వేగం తేలుతోందని అనుమానించవచ్చు. మూడూ దాదాపు ఒకటే వస్తే, అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న చివరి మెట్టు, బహుశా ఫాస్ఫేటు ఎంజైమును వదిలి బయటపడడమే, నెమ్మదిగా సాగుతూ ఉండవచ్చు. ఇది చేశాక కెర్న్ గారి బృందం 2004లో అడినిలేట్ కైనేజు మీద చేసిన పని చదువు. వేడినీటి ఊటల బాక్టీరియా నుంచి ఒకటి, ఇ. కోలై నుంచి ఒకటి తీసుకొని పోల్చి, రసాయన చర్య కంటే, చర్య జరిగే చోటును కప్పే ఎంజైము భాగం మూతలా తెరుచుకోవడమే వేగాన్ని నిర్ణయిస్తోందని వారు చూపించారు. నీ పెసల ఎంజైము ప్రశ్న, వారి ప్రశ్న ఒకే కోవకు చెందినవి.

భౌతికశాస్త్రం గురించి నీ భయం తీరాలంటే థర్మోడైనమిక్స్, కైనెటిక్స్ అధ్యాయాలను పెన్సిలు చేతపట్టుకొని లెక్కలతో సహా చదువు. అమెరికాతో పాటు బెంగళూరు ఐఐఎస్సీలో రామచంద్రన్ గారు 1971లో స్థాపించిన మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్‌ను, హైదరాబాదు సీసీఎంబీని కూడా నీ జాబితాలో ఉంచుకో. అక్కడి వారి ఆసక్తులను కూడా ఇదే పద్ధతిలో చదవవచ్చు.

ప్రశ్న అడిగినవారి స్పందన: పెసరమొలక

మాస్టారూ, మిగతా ఇద్దరికీ కూడా చాలా కృతజ్ఞతలు. నోటుపుస్తకంలో నాలుగో గడి గీసి, రెండు రోజులుగా అది మాత్రమే నింపుతున్నాను. కెర్న్ గారి పేరు పక్కన "వేగాన్ని నిర్ణయించేది రసాయన చర్యా, ఆకారం మార్పా?" అని రాసుకున్నాను. నా ప్రాజెక్టులో ముందే ఫాస్ఫేటు కలిపిన నాళికల్లో ఎంజైము వేగం తగ్గడం గమనించి, ఉత్పన్నం నిరోధకంగా పనిచేస్తోందని ఒక వాక్యం రాసి వదిలేశాను. అది ఎంజైమును వదిలి వెళ్లడానికి ఎంత సమయం పడుతుందన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. మా ప్రయోగశాలలో గ్లిసరోఫాస్ఫేటు ఉంది, ఫినైల్ ఫాస్ఫేటు అడిగి తెప్పించుకోవాలి. సోమవారం పెసలు నానబెడతాను. మాస్టారూ, మూడు సబ్‌స్ట్రేట్లకూ ఒకే పీహెచ్ వాడాలా, లేక దేనికి అనుకూలమైన పీహెచ్ దానికి వాడాలా అన్నది కూడా చెప్పగలరా?

జవాబు 3 నుంచి

ఒకే పీహెచ్ వాడమ్మా. పీహెచ్ మారితే ఎంజైమే మారినట్టు, పోలిక నిలవదు. ముందుగా ఐదు దగ్గర మొదలుపెట్టు. ప్రతి సబ్‌స్ట్రేటుకూ ఎంజైము లేని నాళిక ఒకటి విడిగా పెట్టడం మరచిపోకు. ఈ పద్ధతిలో వాడే ఆమ్లంలో కొన్ని ఫాస్ఫేటు ఎస్టర్లు తమంతట తాము కొద్దిగా విడిపోతాయి, ఆ నీలం కూడా నీ లెక్కలో చేరిపోతుంది.