ఇత్తడి తీగల హార్ప్, పాత బాణీలు: మా చెల్లెకు ఏమని చెప్పాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

నమస్కారం. మా చెల్లె పై చదువుకు డబ్లిన్ పోయినప్పుడు సెలవు రోజుల్లో ఇత్తడి తీగల ఐరిష్ హార్ప్ (కొయ్య చట్రంలో వరుసగా తీగలు బిగించిన వాద్యం) నేర్చుకున్నది. నిరుడు ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు సగం బట్టలు అక్కడే వదిలేసి ఆ వాద్యాన్ని వెంట తెచ్చుకున్నది. ఉద్యోగం చేస్తూనే రోజూ పొద్దున రెండు గంటలు సాధన చేస్తుంది. వాయించేవన్నీ రెండు మూడు వందల ఏండ్ల కిందటి బాణీలే. గోళ్లతో మీటాలి కాబట్టి గోళ్లు పెంచుకున్నది. మొన్న గిన్నెలు తోముతుంటే ఎడమచేతి చూపుడువేలి గోరు విరిగింది. అది మళ్లీ పెరిగేదాకా వాద్యం ముందు కూర్చొని తీగలు తుడుచుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

ఇప్పుడు ఉద్యోగం మానేసి దీన్నే వృత్తిగా పెట్టుకుంటానంటున్నది. మా బాపుకు రంది పట్టుకున్నది. దానికి తోడు ఇంటికి వచ్చిన ఒక పెద్దమనిషి, “గురువు చేతి నుంచి శిష్యుని చేతికి రాకుండా మధ్యలో తెగిపోయిన విద్యను కాగితాలు చూసి వాయిస్తే సంప్రదాయం ఎట్లా అవుతుంది? మన కిన్నెర నేర్చుకోరాదా?” అన్నారు. ఆ మాట చెల్లెకు బాగా తగిలింది. ఆ విద్య నిజంగానే తెగిపోయిందా? ఈ పాత సంగీతం వాయించేవాళ్లు దేనితో బతుకుతారు? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు (డబ్లిన్‌లో ఉంటున్న వరంగల్ వాసి)

అక్కా, తెగిపోయిన మాట నిజమే. అయితే ఎట్లా తెగిందో తెలిస్తే మీ చెల్లె చేస్తున్న పని విలువ కూడా తెలుస్తుంది. ఒకప్పుడు ఐర్లాండు దొరల ఇండ్లలో హార్ప్ వాయించేవారికి గౌరవమైన స్థానం ఉండేది. ఆ దొరతనాలు కూలిన తర్వాత వాళ్లు ఊరూరూ తిరుగుతూ, ఆదరించిన ఇంటివారి పేరు మీద బాణీలు కట్టి బతికారు. 1670లో పుట్టిన టర్లో ఓ కరోలన్‌కు పద్దెనిమిదేండ్ల వయసులో మశూచితో చూపు పోతే, ఒక ఇంటి ఇల్లాలు ఆయనకు హార్ప్ నేర్పించి, గుర్రాన్నీ దారి చూపే మనిషినీ ఇచ్చి పంపింది. 1738లో చనిపోయేదాకా ఆయన అట్లాగే తిరిగాడు. ఆయన కట్టిన బాణీలు సుమారు రెండు వందలు మిగిలాయి.

1792 జూలైలో బెల్‌ఫాస్ట్‌లో ఈ వాద్యకారులను ఒకచోట చేర్చినప్పుడు వచ్చిన ఐరిష్ వాళ్లు పదిమందే. అందులో సగానికి పైగా చూపు లేనివారు. పాత పద్ధతిలో పొడుగాటి గోళ్లతో ఇత్తడి తీగలు మీటినవాడు డెనిస్ హెంప్సన్ ఒక్కడే. ఆ బాణీలు రాసుకోవడానికి కుదిర్చిన ఎడ్వర్డ్ బంటింగ్ వయసు అప్పటికి పందొమ్మిది. ఆయన 1796 నుంచి 1840 వరకు మూడు సంపుటాలు అచ్చు వేశాడు కానీ, వాటిని పియానోకు అనువుగా మార్చివేశాడు. అందుకే ఇప్పటి వాద్యకారులు అచ్చు పుస్తకాన్ని పక్కనపెట్టి, వాయిస్తుండగా విని ఆయన గబగబా గీసుకున్న చేతిరాతలను వెతుక్కుంటారు. అవి బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఏ తీగను ముందు శ్రుతి చేయాలో కూడా ఆ వాద్యకారులు బంటింగ్‌కు చెప్పారు: నడుమ ఒకే స్వరం పలికే రెండు తోడు తీగలుంటాయి, ముందు అవి కలవాలి, ఆ తర్వాతే మిగతావి. మీ చెల్లె కూడా అట్లాగే మొదలుపెడుతుండవచ్చు, గమనించండి.

బతుకు విషయానికి వస్తే, కేవలం కచేరీల మీద బతికేవాళ్లు నాకు తెలిసి తక్కువ. పాఠాలు చెప్పడం, పెండ్లిళ్లలో వాయించడం, వేసవి శిక్షణలు, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది. ఉద్యోగం ఇప్పుడే మానవద్దని నా మనవి.

జవాబు (కరీంనగర్ నుంచి, వీణ నేర్పేవారు)

తల్లీ, సంగతి నేను వాయించే చేతితో చెబుతాను. వీణ మీద మేము తీగను మెట్టు మీద లాగి గమకం పలికిస్తాము. హార్ప్‌కు మెట్లు లేవు, ఒక్కో తీగకు ఒక్కో స్వరం. ఇత్తడి తీగ మీటిన తర్వాత చాలాసేపు మోగుతూనే ఉంటుంది కాబట్టి, ఏ తీగను ఎప్పుడు వేలితో ఆపాలో తెలియడమే సగం విద్య. కాగితం మీద స్వరం ఉంటుంది కానీ, ఈ ఆపడం పూర్తిగా ఉండదు. దాన్ని మీ చెల్లె వేళ్లు రోజుల తరబడి వెతుక్కోవలసిందే, ఆ వెతుకులాటను నకలు అనడం న్యాయం కాదు. యూరపులో నరం (పశువుల పేగు) తీగల పాత హార్ప్‌లు కొన్నింటికి, తీగ అంచును తాకి జుమ్మనిపించే చిన్న కొయ్య మేకులుండేవి. మనం తంబురకు నూలుపోగు పెట్టి జీవ తెచ్చినట్టే కదా అది!

ఇంకొకటి. మన ఎండలకు ఇత్తడి సాగి శ్రుతి దిగుతుంది, వానాకాలం తేమకు కొయ్య ఉబ్బి శ్రుతి ఎక్కుతుంది. వాద్యాన్ని కూలర్ గాలికి ఎదురుగా పెట్టనివ్వకండి.

జవాబు (జనగామ నుంచి, రిటైరైన తెలుగు ఉపాధ్యాయుడు)

ఆ పెద్దమనిషి కిన్నెర మాట ఎత్తడం నాకు సంతోషమే, కానీ దాన్ని ఈ పిల్లకు పోటీగా నిలబెట్టడం బాగాలేదు. మన పాలకుర్తి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ చెప్పాడు, పండితారాధ్య చరిత్రలో ఎన్నో వీణల పేర్లు వరుసగా చెప్పాడు. ఆ పేర్లలో ఎన్నింటి నాదం ఇప్పుడు మనం వినగలం? విల్లులా వంగిన హార్ప్ మనకూ ఉండేది. అమరావతి శిల్పాల్లో ఉన్నది, సముద్రగుప్తుని బంగారు నాణెం మీద ఆ రాజే దాన్ని ఒళ్లో పెట్టుకొని వాయిస్తూ కనిపిస్తాడు. శిల్పం ఉన్నది, నాణెం ఉన్నది, బాణీ మాత్రం లేదు, ఎందుకంటే ఆఖరివాడు వాయిస్తుంటే పక్కన కూర్చొని రాసుకున్నవాడు మనకు లేకపోయాడు.

కిన్నెర సంగతి దీనికి తలకిందులు. డక్కలి కులపు కళాకారుల ఇండ్లలో అది చేతి నుంచి చేతికి నేటికీ వస్తున్నది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. కానీ వాళ్ల బతుకూ ఆదరించే ఇండ్ల మీదే ఆధారపడ్డది, ఆ ఇండ్లు తగ్గిపోతున్నాయి. మీ చెల్లెకు పాత చేతిరాతను చదివి మళ్లీ పలికించడం వచ్చు కాబట్టి, వీలైతే ఒక కిన్నెర కళాకారుని దగ్గర కూర్చొని, ఆయన అనుమతితో, ఆయనకు తగిన సొమ్ము ఇచ్చి, బాణీతోపాటు వేళ్ల కదలికను కూడా రాసుకోమనండి. ఆమె హార్ప్ మానవలసిన పని లేదు.

మళ్లీ అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. జవాబులన్నీ చెల్లెకు చదివి వినిపించాను. ఉద్యోగం ఇప్పుడే మాననని, ఆదివారాలు పిల్లలకు పాఠాలు మొదలుపెడతానని ఒప్పుకున్నది. జనగామ సార్ చెప్పిన పనికి ఎవరిని కలవాలో తెలిస్తే దయచేసి ఇక్కడే దారి చెప్పండి. తోడు తీగల మాట నిజమే, ఈ పొద్దున చూశాను. మొదటి తీగ శ్రుతి కలిసిన తర్వాత రెండోది ఇంకా కొంచెం దిగి ఉంటే, పేపర్ చదువుతున్న బాపు తల ఎత్తకుండానే “ఇంకా కలువలేదు బిడ్డా” అన్నాడు.