అప్‌డేట్: ఫార్మ్‌డీ విద్యార్థులకు విదేశీ ఇంటర్న్‌షిప్ – నా దరఖాస్తు ఎలా కుదిరిందంటే

బెంగళూరులో ఫార్మ్‌డీ (ఫార్మసీలో డాక్టర్ స్థాయి కోర్సు) చదువుతున్న నేను, ఇంటర్న్‌షిప్ కోసం పోర్చుగల్ ఆసుపత్రులకు నేరుగా రాసిన మెయిళ్లకు నెలల తరబడి జవాబు రావడం లేదని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

1949లో ఏర్పడిన అంతర్జాతీయ ఫార్మసీ విద్యార్థుల సమాఖ్య (ఐపీఎస్ఎఫ్) నడిపే విద్యార్థి మార్పిడి కార్యక్రమానికి మన దేశంలోని సభ్య సంఘం ద్వారా దరఖాస్తు చేయమని ఒక సీనియర్ అక్క చెప్పిన మాటే ఫలించింది. ఆ సంఘంలో మార్పిడి వ్యవహారాలు చూసేవారు నా దరఖాస్తును పంపాక, ఒక ఆసుపత్రి ఫార్మసీ నుంచి ఆహ్వాన పత్రం అందింది.

అయితే వీసా దగ్గర మళ్లీ ఆగింది. పత్రాలు పరిశీలించినవారు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండి, షెంగెన్ దేశాలన్నింటికీ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) వర్తించాలని వివరించారు. నాది ఒక్క పోర్చుగల్‌కే పరిమితమైనది. ఆ బీమాను మార్చి ఇచ్చాక వీసా వచ్చింది.

నేను ఎంతో ఆందోళనపడిన ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ భాషా పరీక్ష) స్కోరును నా విషయంలో ఎవరూ అడగలేదు.