రెండు ఫీట్ల చేపల ట్యాంకుకు ఏ ఇసుక చవక: వాగుదా, ఫిల్టర్‌దా, ఎం-శాండా?

కొత్త_గప్పీ (హన్మకొండ): అన్నలకు నమస్తే. ట్యాంకు 2 ఫీట్ల పొడుగు, ఫీటు వెడల్పు. గప్పీలు, ఆరు కోరీలు (అడుగున తిరిగే మీసాల చేపలు) వెయ్యాలె. షాపుల రంగు ఇసుక ప్యాకెట్ల రేటు చూస్తే చేపలకన్న ఇసుకకే ఎక్కువైతున్నది. ఇంటి ముంగట కట్టుబడి ఇసుక కుప్ప ఉన్నది, గోదావరి ఇసుక అన్నరు. అది వేస్తే ఏమన్న అయితదా? బోరు నీళ్లే.

మానేరు_మీను: బేషుగ్గ వెయ్యొచ్చు. ముందు లెక్క చూడు. రెండంగుళాల మందం అంటే 60 × 30 × 5 సెంటీమీటర్లు, 9 లీటర్ల ఇసుక. లీటరుకు కిలోన్నర పైనే తూగుతది, అంటే 14 కిలోలు. షాపుల రెండు కిలోల ప్యాకెట్లు ఏడు కొనాలె. కుప్పల నుంచి 20 కిలోలు తీసుకో, తరుగు పోతది. కుప్ప పైపొర, అడుగుపొర వద్దు, నడిమిది తియ్యి. మేస్త్రీల జల్లెడ పట్టి 3 మిల్లీమీటర్ల పైన రాళ్లు ఏరెయ్యి. పిండి జల్లెడల నుంచి జారేంత మెత్తటిది కూడ పారెయ్యి, అదే నీళ్లను మబ్బు చేసేది. బకెట్ల మూడో వంతే ఇసుక పోసి, పైపు అడుగు దాక గుచ్చి, చేత్తోని కలుపుకుంట మురికి నీళ్లు వంపు. పది పదిహేను సార్లు పడ్తది. గాజు గ్లాసుల గుప్పెడు ఇసుకేసి నీళ్లు పోసి కలుపు. నిమిషం ఆగినంక గ్లాసు అవతల పేపర్ల అక్షరాలు చదవొస్తే కడుగుడు అయినట్టే.

ఫిల్టర్_బాబాయ్: కట్టుబడి కుప్పను ట్యాంకుల వెయ్యమనే సలహా మళ్లీ మొదలైంది. పోయినసారి కూడా ఇదే చెప్పాను, ఎవరూ వినలేదు. ఆ కుప్ప పక్కనే సిమెంట్ కలుపుతారు. సిమెంట్ పొడి గుప్పెడు కలిసినా నీళ్ల పీహెచ్ (ఆమ్ల-క్షార కొలత) ఒక్కసారిగా ఎక్కుతుంది. కుక్కలు, పిల్లులు సరేసరి. వాటర్ ప్లాంట్ సామాన్లు అమ్మే దుకాణంలో ఫిల్టర్ ఇసుక అడుగు, 16/30 మెష్. అంటే గింజ సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమీటర్లు. క్వార్ట్జ్, నీళ్లలో ఏమీ కలవదు, నాలుగైదు కడుగుళ్లు చాలు. సంచి మొత్తం కొన్నా ఏడు ప్యాకెట్లకంటే తక్కువే.

గ్రానైట్_కరీంనగర్: ఎం-శాండ్, గదే క్రషర్ల రాయి పగలగొట్టి చేసే ఇసుక, దాని సంగతేంది? గ్రానైట్ పొడే కద, నీళ్లను గట్టిగ చేసే సున్నం ఉండదు. బూడిద రంగుల మంచిగ కనబడ్తది.

ఫిల్టర్_బాబాయ్: సున్నం ఉండదు, నిజమే. కానీ కట్టుబడి ఇసుకకు ఉన్న ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం 75 మైక్రాన్ల కంటే సన్నని పొడి నది ఇసుకలో 3 శాతం దాకా, క్రషర్ ఇసుకలో 15 శాతం దాకా ఉండొచ్చు. ఆ పొడి కడిగేసరికి నడుము పోతుంది. పైగా గింజ కోణాలు కోణాలుగా ఉంటుంది. మూతితో ఇసుక తవ్వే కోరీలకు అది ఎందుకు?

మానేరు_మీను: కోరీల మీసాలు పదునుకే పోతయని అందరు అంటరు. ఎక్కువ సార్లు కారణం ఇసుకల పేరుకున్న మురికి. అయినా గుండ్రటి గింజ దొరికినప్పుడు ఎం-శాండ్ ఎందుకు, అది నేను కూడ ఒప్పుకుంట.

కాజీపేట_జంక్షన్: నా ఓటు ఫిల్టర్ ఇసుకకే.

ఖాళీ_ట్యాంకు: అసలు ఇసుకే వెయ్యకుంటే ఈ లొల్లే లేదు.

మానేరు_మీను: తమ్మీ, గోదావరి ఇసుకల సున్నం ఉన్నదా లేదా అనుమానం ఉంటే చెంచెడు ఆరబెట్టి వెనిగర్ పొయ్యి. బుడగలు రాకుంటే భయం లేదు. నత్తగుల్లల ముక్కలుంటే చేత్తోనే ఏరెయ్యొచ్చు.

ఫిల్టర్_బాబాయ్: ఈ వెనిగర్ పరీక్షే అసలు ప్రమాదం. వెనిగర్ బలహీనమైన ఆమ్లం. బుడగ రాలేదంటే సున్నం లేదని కాదు. డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) అయితే పలచన హైడ్రోక్లోరిక్ యాసిడ్ చల్లగా పోసినా పొడి చేస్తే తప్ప సరిగా పొంగదు. మంచిర్యాలలో, దేవాపూర్‌లో, బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీలు ఊరికే పెట్టారా? గోదావరి లోయలో సున్నపురాయి ఉంది కనుకనే.

మానేరు_మీను: ఉన్నది, ఎవలు కాదన్నరు? సున్నపురాయి మెత్తది, నీళ్లల్ల కరిగేది. ఏరుల కొట్టుకచ్చేసరికి మిగిలేది ఎక్కువ క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఇంకొకటి, ఆయనవి బోరు నీళ్లు. మనకాడ బోరు నీళ్లు ముందే గట్టియి, గసుంటి నీళ్లల్ల సున్నం ఇంకేం కరుగుతది? ఆర్వో నీళ్లో వాన నీళ్లో పోస్తే అప్పుడు భయపడు.

ఫిల్టర్_బాబాయ్: అంటే సున్నం ఉన్నా పర్వాలేదంటావు. ఇందాక లేదన్నావు.

మానేరు_మీను: నీకు ఫిల్టర్ ఇసుక దుకాణం ఏమన్న ఉన్నదా అన్నా? ప్రతి దాంట్ల ఆ సంచే అమ్ముతున్నవ్.

ఫిల్టర్_బాబాయ్: దుకాణం ఉంటే ఇక్కడ రాత్రి పదకొండింటికి టైపు చేస్తూ కూర్చోను. మాట జాగ్రత్త.

కాజీపేట_జంక్షన్: ఇగ షురువైంది.

గ్రానైట్_కరీంనగర్: ఇద్దరు ఆగుండ్రి. వెనిగర్ పక్కకు పెట్టుండ్రి. రెండు సీసాలల్ల ఆర్వో నీళ్లు పొయ్యి, ఒకదాంట్ల మూడో వంతు కడిగిన ఇసుకెయ్యి. రోజు ఒకే పూట టీడీఎస్ మీటర్ (నీళ్లల్ల కరిగిన ఉప్పులు కొలిచేది) పెట్టి వారం రాసుకో. ఇసుక సీసాల మొదటి రోజు కొద్దిగ పెరిగి ఆగితే అది కడిగిన బోరు నీళ్ల ఉప్పు. రోజు రోజుకు పెరుగుకుంట పోతే ఇసుక కరుగుతున్నట్టు. డోలమైట్ ఉన్నా దీంట్ల మెల్లగనన్న బయట పడ్తది.

ఫిల్టర్_బాబాయ్: ఇది సరైన పరీక్ష. నాకు గోదావరి ఇసుకతో గొడవ లేదు. కొత్తగా మొదలుపెట్టిన మనిషికి జల్లెడ, వెనిగర్, మీటరు అని చెప్పి, ఒక్కటి తప్పితే చేపలు పోయాక "నువ్వు సరిగా చెయ్యలేదు" అనడంతో నాకు గొడవ. తెలిసిన గ్రేడు సంచి తెస్తే పరీక్షే అక్కర్లేదు.

మానేరు_మీను: నాది దానికి ఉల్టా. మొదటి రోజే సంచి కొనిపిస్తే ఆయన ఇసుకను చేత్తోని ముట్టి చూసుడు ఎప్పుడు నేర్చుకుంటడు? రేపు ట్యాంకుల ఇసుక నల్లగై వాసనొస్తే కూడ మల్ల ఏదో సీసానే కొంటడు.

కొత్త_గప్పీ: అన్నా, ఒక ముచ్చట మర్చిపోయిన. ట్యాంకు అడుగుకు ప్లాస్టిక్ ప్లేటు ఉన్నది, తూట్లు తూట్లుగ. మూలకు పైపు, దానికి ఎయిర్ మోటర్. అది ఉండొచ్చా?

ఫిల్టర్_బాబాయ్: ముందు చెప్పొద్దా!

మానేరు_మీను: గంట సేపు ఉత్తగనే కొట్లాడినం.

ఫిల్టర్_బాబాయ్: అది అండర్ గ్రావెల్ ఫిల్టర్. దాని మీద ఏ ఇసుకా పనికిరాదు, నాదీ పనికిరాదు. సన్న గింజ తూట్లలోంచి కిందికి జారుతుంది, మిగిలింది గట్టిపడి నీటి దారి మూస్తుంది. దానికి 3 నుంచి 5 మిల్లీమీటర్ల రాళ్లు కావాలి.

మానేరు_మీను: ఏరి పారెయ్యమన్న రాళ్లే దానికి పనికొస్తయ్, చూసినవా. కని కోరీలుంటే ప్లేటు తీసెయ్యి తమ్మీ. అదే ఎయిర్ మోటర్‌కు స్పాంజ్ ఫిల్టర్ తగిలించు, చవక. చేపలు ఎయ్యకముందే తీసుడు అల్కగ అయితది.

ఫిల్టర్_బాబాయ్: ఇందులో నీతో గొడవ లేదు.

కొత్త_గప్పీ: ప్లేటు తీస్తున్న. ఇసుక కుప్పదే, వారం రోజులు సీసా పెట్టి చూసి వేస్త. నీళ్లు పోస్తే మొత్తం లేవకుండ ఎట్ల?

మానేరు_మీను: ఇసుక మీద అన్నం పళ్లెం పెట్టి, దాని మీద సన్నగ పొయ్యి. మబ్బు తేరేదాక కరెంటు ఫిల్టర్ ఉంటే ఆన్ చెయ్యకు, ఇసుక మోటర్ల పోతే ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్క) అరుగుతది. ఉత్త స్పాంజ్ అయితే ఫికర్ లేదు. మొక్కలు లేని కాడ మందం రెండంగుళాలు దాటనియ్యకు. నీళ్లు మార్చే రోజు అగరుబత్తి పుల్లంత సన్న కర్రతోని మెల్లగ గెలుకు, లేకుంటే అడుగున గాలి ఆడక కుళ్లిన గుడ్ల వాసనొస్తది. సైఫన్ పైపు ఇసుకల గుచ్చకు, అంగుళం పైన తిప్పు, మురికే లేస్తది.

గ్రానైట్_కరీంనగర్: ఇంకొకటి. గోదావరి ఇసుకల నల్ల గింజలుంటయి, కొన్ని అయస్కాంతానికి అంటుకుంటయి. అద్దం తుడిచే మ్యాగ్నెట్ వాడేటోనివైతే ఇసుక అంచుకు రెండంగుళాల పైననే ఆపు. ఒక్క గింజ ఇరికినా అద్దం మీద గీత పడ్తది, అది పోదు.

కొత్త_గప్పీ: మ్యాగ్నెట్ నిన్ననే కొన్న అన్నా 😐