మల్లి మస్తాన్ బాబు గారి గురించి మా పాప స్పీచ్, ఒక డౌట్ తీర్చండి ప్లీజ్

అందరికీ నమస్తే అండి. మా పాప ఎనిమిదో క్లాసు, స్కూల్లో పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు గారి మీద మాట్లాడతానని పేరిచ్చేసింది. నెల్లూరు జిల్లా గాంధీ జనసంగం ఊరాయన, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ ఎక్కేశారు కదా, అందులో ఇంకో విశేషం ఏంటంటే ఆ ఏడూ ఆదివారం, సోమవారం ఇలా వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో పడ్డాయి. పాప నా ఫోన్లో 2006 క్యాలెండర్ తీసి ఒక్కో తేదీ చూసి నోట్‌బుక్‌లో స్కెచ్ పెన్‌తో సున్నా చుట్టుకుంది, జనవరి 19 అంటార్కిటికాలోని విన్సన్ గురువారం, మే 21 ఎవరెస్ట్ ఆదివారం, జులై 10 ఉత్తర అమెరికాలోని డెనాలి సోమవారం, అన్నీ కరెక్టే, నాకే ఒళ్ళు పులకరించింది అండి.

డౌట్ ఎక్కడంటే, ఆయన ఆస్ట్రేలియాలో కోజియస్కో ఎక్కారు, అది 2,228 మీటర్లే. కొందరు మాత్రం ఇండోనేషియా పపువాలో ఉన్న కార్‌స్టెంజ్ పిరమిడ్ శిఖరం, 4,884 మీటర్లు, దాన్నే ఆ ఖండం శిఖరంగా లెక్కలోకి తీసుకుంటారు. రేపు ఎవరైనా టీచర్ అడిగితే పాప రెండు ముక్కల్లో ఏం చెప్పాలి? ట్రెక్కింగ్ తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇంకోటి, 2015లో ఆయన దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాల్లో సెర్రో ట్రెస్ క్రూసెస్ శిఖరం దగ్గర చనిపోయారు, ఆ ముక్క వచ్చేసరికి పాప గొంతు పూడుకుపోతోంది. అక్కడ ఎలా ముగిస్తే బాగుంటుంది? కోరుకొండ సైనిక్ స్కూల్లో ఆయనతో చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క చిన్న జ్ఞాపకం చెప్పండి, దాంతోనే ముగించమంటాను. శుక్రవారమే స్పీచ్ అండి.