చికాగోలో వీధి శిల్పాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త_చికాగో:
ఉద్యోగం కోసం ఈ మధ్యే చికాగో వచ్చాను. అందరూ చూసే బీన్ (చిక్కుడు గింజలా ఉండే ఆ పెద్ద స్టీల్ శిల్పం) చూశాను, చాలా నచ్చింది, 168 స్టీల్ పలకలు కలిపి చేశారట, ఎంత దగ్గరికెళ్ళి చూసినా ఒక్క అతుకు కనపడలేదు. అప్పటి నుంచి ఇలాంటివే ఇంకా చూడాలని ఉంది. ఆర్ట్ గురించి నాకు ఏమీ తెలియదు. శనివారాలు ఖాళీ, కారు లేదు. ఎటు వెళ్ళమంటారు?

డియర్‌బార్న్_నడక:
కారు అక్కర్లేదండీ, డియర్‌బార్న్ స్ట్రీట్ పట్టుకుని దక్షిణంగా నడవండి చాలు. డేలీ ప్లాజాలో పికాసో శిల్పంతో మొదలుపెట్టండి. 1967లో పెట్టారు, 50 అడుగుల ఎత్తు, డబ్బు ఇస్తామన్నా తీసుకోకుండా ఆయన ఊరికి కానుకగా ఇచ్చేశాడు. పేరు కూడా పెట్టలేదు. ఆడమనిషి ముఖమా, పక్షా అని ఇప్పటికీ ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. ముందు నుంచి ఒక ఫొటో తీసుకుని వచ్చేయకండి, చుట్టూ తిరగండి, పక్కకి వచ్చేసరికి ఆ ముఖం మాయమైపోయి సన్నటి కడ్డీలు, రేకులు మాత్రమే మిగులుతాయి. వెనక ఉన్న కోర్టు బిల్డింగ్‌కీ దీనికీ వాడింది ఒకే రకం స్టీల్, పైన తుప్పు పొరే దానికి రక్ష, అందుకే రెండూ ఒకే రంగులో ఉంటాయి. కింద ఏటవాలుగా ఉన్న చోట పిల్లలు జారుతూ ఉంటారు, ఎవరూ ఏమీ అనరు. నాకైతే ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

రోడ్డు దాటితే రెండు బిల్డింగుల మధ్య మీరో అనే కళాకారుడు చేసిన స్త్రీ మూర్తి. ఇంకాస్త నడిస్తే మన్రో స్ట్రీట్ దగ్గర షగాల్ అనే చిత్రకారుడి మొజాయిక్ (రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మ), ఆ తర్వాత ఫెడరల్ ప్లాజాలో కాల్డర్ చేసిన ఫ్లెమింగో అనే శిల్పం. ఈ రెండూ 1974 నాటివే. ఫ్లెమింగో కిందకి వెళ్ళి నిలబడి పైకి చూడండి, చుట్టూ నల్లటి బిల్డింగులు, మధ్యలో ఆ ఎరుపు!

హైడ్‌పార్క్_వాసి:
పైన చెప్పినవి బాగుంటాయి, కానీ నేనైతే ముందు గ్రాంట్ పార్క్ దక్షిణం చివర ఉన్న అగోరా చూడమంటాను. పోలండ్ శిల్పి మగ్దలేనా అబకనోవిచ్ చేసిన 106 ఇనుప విగ్రహాలు, తల లేదు, చేతులు లేవు, మనిషి కన్నా చాలా ఎత్తు. పైన చర్మమంతా చెట్టు బెరడులా గరుకుగా ఉంటుంది, వెనక్కి వెళ్ళి చూస్తే లోపలంతా బోలు. వాటి మధ్యలోంచి నడిచి వెళ్ళొచ్చు. కొందరికి భయమేస్తుంది, నాకు మాత్రం అక్కడ ఎందుకో ధైర్యంగా ఉంటుంది.

ఇంకోటి, చికాగో యూనివర్సిటీలో ఎల్లిస్ అవెన్యూ మీద హెన్రీ మూర్ అనే శిల్పి చేసిన కంచు శిల్పం. 1942 డిసెంబర్ 2న మనిషి అదుపులో మొదటి అణు చైన్ రియాక్షన్ (ఒక అణువు చీలితే దాని వల్ల ఇంకొన్ని వరసగా చీలడం) జరిగింది అక్కడే, సరిగ్గా 25 ఏళ్ళకి అదే రోజు మధ్యాహ్నం 3:36కి ఈ శిల్పాన్ని ఆవిష్కరించారు. ఒక వైపు నుంచి పుర్రె, ఇంకో వైపు నుంచి అణుబాంబు పొగ మేఘం. ఎక్కువ మంది పట్టించుకోకుండా దాటిపోతారు, అది నాకు బాధే.

కొత్త_చికాగో:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఈ శనివారం డియర్‌బార్న్, పై వారం అగోరా, మూర్. ఫ్లెమింగోకి ఏ టైములో వెళ్తే ఎండ బాగా పడుతుంది?

డియర్‌బార్న్_నడక:
మధ్యాహ్నం వెళ్ళండి, చుట్టూ బిల్డింగులు కాబట్టి ఎండ నెత్తి మీద ఉంటేనే కిందదాకా దిగుతుంది.