కొరియా వాళ్ళందరూ కిమ్, లీ, పార్క్‌లేనా? మనకున్నన్ని ఇంటిపేర్లు వాళ్ళకెందుకు లేవు?

పెనుకొండ_శీను

అందరికీ నమస్కారం. నేను పెనుకొండ దగ్గర కార్ల పార్టులు చేసే ఒక ఫ్యాక్టరీలో, గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసులో పని చేస్తా. మా పక్కకి కొరియా వాళ్ళు రాబట్టి చానా ఏండ్లే అయ్యింది, ఇప్పుడు సంతలో కూరగాయలమ్మే అవ్వ కూడా వాళ్ళ భాషలో లెక్క చెప్తాది. పోయిన వారం ఒకే పూట పదకొండుమంది విజిటర్లు వచ్చినారు, రిజిస్టర్‌లో రాస్తావుంటే నలుగురు కిమ్, ముగ్గురు లీ, ఇద్దరు పార్క్, ఇంకొక చోయ్, ఒక జంగ్, అంతే. మా రిజిస్టర్‌లో పేరు గడి చిన్నది, నేను తొందరలో కిమ్, కిమ్, కిమ్ అని రాసి పాసులు ఇచ్చేసినా. ఏమైందంటే మిషన్ చూసేదానికి వచ్చిన కిమ్ సారు పెయింట్ షెడ్డుకి పోయినాడు, పెయింట్ షెడ్డుకి పోవాల్సినాయప్ప స్టోర్స్ ముందర ఎండలో గంటసేపు నిలబడినాడు. పెద్దాయన, వయసు అరవై దగ్గర ఉంటాది. ఒక్క మాట అనలేదు, నీళ్ళు ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగినాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఊర్లో నూటయాభై ఇండ్లు ఉంటే ముప్పై దాకా ఇంటిపేర్లు ఉంటాయి. 5 కోట్ల మంది ఉన్న దేశంలో ఇంత తక్కువ ఎట్లా? వాళ్ళందరూ ఒకరికొకరు చుట్టాలా? మిగతా దేశాల్లో కూడా ఇట్లే ఉంటాదా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండన్నా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

డేజన్_నుంచి_వచ్చేశా

శీను గారూ, నేను కొరియాలో డేజన్‌లో నాలుగేళ్ళు చదువుకున్నానండి, మా ల్యాబ్‌లో కూడా ఇదే పరిస్థితి, ఫ్రిజ్‌లో డబ్బాల మీద కిమ్ అని రాస్తే ఎవరిదో తెలిసేది కాదు, అందుకే మొత్తం పేరు రాసేవాళ్ళు.

ముందు లెక్క చెప్తా. 2015 సెన్సస్‌లో కొరియా జనాభాలో 21.5 శాతం కిమ్‌లు, 14.7 శాతం లీలు, 8.4 శాతం పార్క్‌లు. అంటే వంద మందిని నిలబెడితే దాదాపు 45 మంది ఈ మూడు పేర్లలోనే ఉంటారు. మీ గేటు దగ్గర పదకొండుమందిలో తొమ్మిదిమంది వచ్చారంటే కొంచెం ఎక్కువే గానీ వింతేం కాదు. అన్నట్టు ఆ లీ అన్నది వాళ్ళ నోట్లో వట్టి "ఈ" అనే వినిపిస్తుంది, పార్క్ అన్నది "బాక్", తోటకీ దానికీ సంబంధం లేదు. కిమ్ అంటే బంగారం అనే అక్షరం.

ఎందుకిలా అంటే, పాతకాలంలో వాళ్ళకి పేరు ముందు వంశం పేరు ఉండడం రాజులకీ, యాంగ్‌బాన్ అనే పెద్ద కుటుంబాలకీ మాత్రమే. బానిసలకి అస్సలు లేదు, మామూలు రైతుల్లో చాలామందికి లేదు. తర్వాత తర్వాత డబ్బు చేసినవాళ్ళు పెద్ద కుటుంబాల వంశవృక్షం పుస్తకాల్లో, వాటిని జోక్‌బో అంటారు, డబ్బులిచ్చి తమ పేర్లు ఎక్కించుకున్నారు. 1894లో పుట్టుకతో వచ్చే హెచ్చుతగ్గుల్నీ, బానిసత్వాన్నీ రద్దు చేశారు, 1909లో ప్రతి ఒక్కరూ వంశం పేరుతో రిజిస్టర్ కావాలని చట్టం పెట్టారు. అప్పుడు పేరు లేనివాడు ఏం పేరు రాయించుకుంటాడు చెప్పండి? ఎవరి పేరు చెబితే నిన్నటిదాకా తను వంగి నమస్కారం పెట్టాడో ఆ పేరే రాయించుకున్నాడు, కొంతమంది తమ యజమాని పేరే పెట్టుకున్నారు. నాకు ఇది తెలిసిన రోజు మనసు అదోలా అయిపోయింది. మనం కిమ్‌లు ఎక్కువ అని నవ్వుకుంటాం గానీ ఆ లెక్క వెనకాల అంతకుముందు పేరే లేని లక్షలమంది ఉన్నారు.

చుట్టాలా అంటే కాదు. కిమ్‌ల లోపల మళ్ళీ శాఖలుంటాయి, మూలపురుషుడి ఊరిని బట్టి. దాన్ని బోన్‌గ్వాన్ అంటారు. గిమ్హే కిమ్, గ్యోంగ్జు కిమ్, క్వాంగ్సాన్ కిమ్ ఇలా చాలా. గిమ్హే కిమ్‌లే 44 లక్షల పైన ఉంటారు. మీ పెద్దాయన్ని "ఏ కిమ్ సార్ మీరు" అని అడిగి చూడండి, చాలా సంతోషిస్తారు.

ఇంకో ఉపాయం, అక్కడ ఆఫీసుల్లో వట్టి కిమ్ అని ఎవరూ పిలవరు, హోదా తగిలిస్తారు. కిమ్ బుజాంగ్‌నిమ్ అంటే డిపార్ట్‌మెంట్ హెడ్, కిమ్ గ్వాజాంగ్‌నిమ్ అంటే మేనేజరు, డేరి అంటే అసిస్టెంట్ మేనేజరు. మనం తాసిల్దారు గారు, హెడ్మాస్టారు గారు అంటాం చూడండి అలాగన్నమాట. వాళ్ళ విజిటింగ్ కార్డు మీద హోదా ఉంటుంది, అది రాసుకోండి.

వనపర్తి_రాజు

గిదేందో మన గోత్రం లెక్కనే ఉంది కదా అక్కా. పేరు ఒకటే అయినా శాఖ వేరు. మరి ఒకే శాఖ వాళ్ళు పెండ్లి చేసుకుంటరా?

డేజన్_నుంచి_వచ్చేశా

భలే అడిగారు రాజు గారూ. చేసుకోకూడదు అని చాలాకాలం ఏకంగా చట్టమే ఉండేది. ఒకే వంశం పేరు, ఒకే బోన్‌గ్వాన్ అయితే ఎంత దూరపువాళ్ళైనా పెళ్ళి రిజిస్టర్ చేసేవాళ్ళు కాదు. 44 లక్షల మందిలో ఎక్కడో అటు చివర పుట్టిన అమ్మాయి, ఇటు చివర పుట్టిన అబ్బాయి, ఇద్దరూ గిమ్హే కిమ్‌లు అయితే అయిపోయినట్టే. కాపురం చేసి పిల్లలు పుట్టినా కాయితం మీద భార్యాభర్తలు కారు. 1997లో వాళ్ళ రాజ్యాంగ కోర్టు ఇది చెల్లదని చెప్పింది, 2005లో చట్టం మార్చారు. మన దగ్గర చూడండి, 1955 హిందూ వివాహ చట్టంలో సగోత్రం అడ్డు కాదు, అయినా పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న గోత్రమేంటనే అడుగుతారు.

కానీ దగ్గర చుట్టాల దగ్గరకొస్తే వాళ్ళు మనకంటే చాలా గట్టి. తల్లి వైపైనా తండ్రి వైపైనా ఎనిమిది మెట్ల లోపు బంధువుల మధ్య పెళ్ళి కుదరదు, ముత్తాత అన్నదమ్ముల మునిమనవల దాకా అన్నమాట. ఒకసారి నేను మా ల్యాబ్‌లో మా అమ్మానాన్నలది మేనరికం, నాన్న మేనమామ కూతుర్నే చేసుకున్నాడు అని చెప్పాను. అప్పటిదాకా గడగడా మాట్లాడుతున్న అమ్మాయి చెంచా కింద పెట్టేసి నా మొహం వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, మా ఊళ్ళో అది ముందు నుంచీ వరస అని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. చివరికి తను "అయితే మీకు పేరు ముఖ్యం, మాకు రక్తం ముఖ్యం" అంది, నేను ఒప్పుకోలేదు గానీ ఆ మాట గుర్తుండిపోయింది.

సైగాన్‌లో_సురేష్

కొరియాలో అయిదుగురిలో ఒకడు కిమ్ అంటే మా వియత్నాంలో పదిమందికి ముగ్గురు నలుగురు న్యూయెన్‌లు అండీ. నేను ఫార్మా పని మీద హో చి మిన్ సిటీలో ఉంటున్నా, మా డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో ఇరవైమంది ఉంటే తొమ్మిదిమంది ఆ పేరే. కానీ ఇక్కడ మీ గేటు దగ్గర వచ్చిన తంటా రాదు, ఎందుకంటే ఇక్కడ ఎవర్నీ వంశం పేరుతో పిలవరు, చివర ఉండే సొంత పేరుతోనే పిలుస్తారు, ప్రధానమంత్రినైనా అంతే. ఫ్రెంచ్ వాళ్ళ మీద గెలిచిన వో న్యూయెన్ జాప్‌ని జనరల్ జాప్ అనే అంటారు, జనరల్ వో అనరు. హో చి మిన్‌ని మాత్రం హో పెదనాన్న అన్నట్టు పిలుస్తారు, అది వేరే.

ఇంతమంది ఎలా అయ్యారంటే రాజ్యం మారినప్పుడల్లా పేరు మార్చుకున్నారు, ఒక్కోసారి బలవంతంగా. ఇక్కడి లీ రాజవంశం పోయి ట్రాన్ వంశం వచ్చాక, 1232లో పాత రాజుల వాళ్ళందర్నీ న్యూయెన్ అని మార్చుకోమన్నారు. ఆ తర్వాత 1802 నుంచి 1945 దాకా రాజ్యమేలింది న్యూయెన్ వంశమే, ఇక చెప్పేదేముంది.

వనపర్తి_రాజు

రాజుల పేర్లు తీసుకున్నరు కాబట్టి తక్కువ పేర్లు అంటున్నరు మంచిదే, మరి జపానోళ్ళకు గూడ రాజులుండె, జనానికి పేర్లు లేకుండె అని చదివిన. ఆడ ఎందుకు ఇట్ల కాలే? జపాన్‌ల వేల పేర్లు ఉంటయి కద?

నాగోయా_కోడలు

రాజు గారూ వేలు కాదండి, లక్ష పైనే. నేను నాగోయాలో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా. ఇక్కడ అందరికంటే ఎక్కువున్న సాతో అనే పేరు కూడా జనాభాలో 1.5 శాతం దగ్గరే. తర్వాత సుజుకి, తకహాషి, తనకా.

ఇక్కడ కూడా మామూలు జనానికి కాయితం మీద ఇంటిపేరు రాసుకునే హక్కు లేదు. 1870లో పెట్టుకోవచ్చు అన్నారు, జనం పెద్దగా పట్టించుకోలేదు, పన్ను వేయడానికేమో అని భయపడినవాళ్ళూ ఉన్నారట. 1875లో తప్పనిసరి చేశారు, సైన్యంలోకి మనుషుల్ని తీసుకోవాలంటే ఎవరు ఎవరో తెలియాలి కదా. తేడా ఎక్కడంటే ఇక్కడ చాలామంది తమ చుట్టూ కనబడేదే పేరు పెట్టుకున్నారు, కొంతమందికి ముందు నుంచీ ఊళ్ళో వాడుకలో ఉన్న పేర్లే అవి. తనకా అంటే పొలం మధ్య, యమాదా అంటే కొండ పొలం, యమమోతో అంటే కొండ కింద. మా వీధి చివర ఇంటి గేటు మీద తనకా అని రాతి పలక ఉంటుంది, దాని పక్కన ఇప్పటికీ చిన్న వరి మడి ఉంది, జూన్‌లో నాట్లు వేస్తారు. నాకైతే ఆ పలక చూసినప్పుడల్లా మన ఇంటిపేర్లే గుర్తొస్తాయి, మనవి కూడా సగం ఊరి పేర్లే కదా, ఊరి పేరు చివర "ల" చేర్చో, "పల్లి" "పాటి" ఉంచో. మనవాళ్ళూ ఎవరి పేరో అరువు తెచ్చుకోలేదు, ఎక్కడ నుంచి వచ్చారో అది పెట్టుకున్నారు.

ఒకటి మాత్రం నాకు నచ్చదు. ఇక్కడ చట్టప్రకారం భార్యాభర్తలకి ఒకే ఇంటిపేరు ఉండాలి. ఎవరిదైనా పెట్టుకోవచ్చు అంటారు గానీ నూటికి 95 మంది ఆడవాళ్ళే మార్చుకుంటున్నారు. కొరియాలో పెళ్ళయినా ఆడపిల్ల పేరు మారదు, పక్కపక్క దేశాలే. మన ఆడపిల్లలకి కూడా పెళ్ళి కార్డు మీద ఒక ఇంటిపేరు, సంవత్సరం తిరిగాక ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు, బ్యాంకులో ఇంకోటి. నేను వీసాకి అప్లై చేసినప్పుడు సర్టిఫికెట్‌లో పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు కలవక నెలన్నర తిరిగాను.

ఆర్హుస్_అబ్బాయి

డెన్మార్క్ నుంచి. ఇక్కడ నీల్సెన్, జెన్సెన్, హాన్సెన్, అన్నీ సెన్‌లే. ముందు రోజుల్లో జెన్స్ కొడుకు జెన్సెన్, వాడి కొడుకు మళ్ళీ వాడి నాన్న పేరుతో వేరే సెన్, అలా తరానికో పేరు. 1828లో రాజు ఇక మార్చకండి, ఒకటే ఉంచండి అని ఉత్తర్వు ఇచ్చాడు, మెల్లగా ఎక్కడి పేరు అక్కడ గడ్డకట్టింది. ఐస్‌లాండ్‌లో మాత్రం ఇప్పటికీ పాత పద్ధతే, కొడుక్కి సన్, కూతురికి దోత్తిర్, ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు పేర్లు, ఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేరు క్రమంలోనే. టర్కీ వాళ్ళకైతే 1934 దాకా ఇంటిపేరు అన్నదే తప్పనిసరి కాదు, ఆ ఏడాది చట్టం చేస్తే వాళ్ళ అధ్యక్షుడు ముస్తఫా కెమాల్‌కి పార్లమెంటే అతాతుర్క్ అని ఇచ్చింది.

హంగరీ వాళ్ళు యూరప్‌లో ఉండి కూడా మనలా ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడ ఆఫీసులో నన్ను మా ఊరి పేరు పెట్టి పిలుస్తుంటే మొదట్లో వింతగా ఉండేది, తర్వాత మా హంగరీ కొలీగ్ ఒకడే సరిగ్గా అర్థం చేసుకున్నాడు.

పెనుకొండ_శీను

అందరికీ చానా థ్యాంక్స్. డేజన్ అక్క చెప్పినట్టే చేసినా. ఆ పెద్దాయన మళ్ళీ వచ్చినప్పుడు ముందు ఆ రోజు జరిగినదానికి సారీ చెప్పినా, తర్వాత ట్రాన్స్‌లేటర్ పిల్లోడిని పక్కన పెట్టుకుని మీరు ఏ కిమ్ సార్ అని అడిగినా. ఆయన మొహం చూడాల్సింది అక్కా. గిమ్హే కిమ్ అన్నాడు, అని ఊరుకోలేదు, బ్యాగ్ కింద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళ మూలపురుషుడు సూరో అనే రాజంట, ఆయన పెండ్లాం అయుత అనే దేశం నుంచి పడవలో వచ్చిన రాకుమారంట, అది మన అయోధ్యే అని వాళ్ళు నమ్ముతారంట. పదిమంది కొడుకుల్లో ఇద్దరికి తల్లి వంశం పేరు హో అని పెట్టినారంట, అందుకని గిమ్హే కిమ్‌లకీ ఆ హోలకీ ఇప్పటికీ పెండ్లిండ్లు ఉండవంట. అయోధ్యలో ఆమెకి 2001లో స్మారకం కట్టినారు, ఫోన్‌లో ఫోటో చూపించినాడు. "కాబట్టి నేను మీకు దూరపు చుట్టం" అని నా భుజం తట్టినాడు. అది కథో నిజమో ఇంటర్నెట్‌లో రెండు రకాలుగా ఉంది, ఆయన మాత్రం మనసారా చెప్పినాడు.

రిజిస్టర్‌లో నేను స్కేలుతో గీసి ఇంకో రెండు గడులు పెట్టినా, ఒకటి మొత్తం పేరుకి, ఒకటి హోదాకి. నిన్న ఇద్దరు కిమ్‌లు వస్తే ఒకాయన బుజాంగ్, ఒకాయన డేరి, సరిగ్గా పంపించినా.

ఇప్పుడు నాదొక ప్రశ్న మిగిలింది. పోయేటప్పుడు ఆయన మీ ఇంటిపేరుకి అర్థమేంది, ఏ ఊరిది అని అడిగినాడు. నాకు తెలీదు. ఇంటికి పోయి మా నాయన్ని అడిగితే ఆయనకీ తెలీదంట. మా అవ్వకి ఎనభై దాటింది, ఆదివారం ఊరికి పోయి అడుగుతా. ఆమెకీ తెలీకపోతే ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో కనుక్కునేది ఎట్లా? పాత భూమి రికార్డుల్లో ఏమన్నా దొరుకుతాదా, ఎవరన్నా చూసినోళ్ళు ఉంటే చెప్పండి.